గోదావరిఖనిలో అద్దె ఇల్లు

బ్రహ్మచారికి బదిలీ అయితే పెట్టె సర్దుకుని రైలెక్కుతాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడికి బదిలీ అయితే అతని వెనక పాలవాడూ, బడీ, డాక్టరూ, ఇరుగూ పొరుగూ అన్నీ మారవలసి వస్తాయి. ఉత్తరువు కాగితంలో మాత్రం ఊరి పేరొక్కటే ఉంటుంది. మిగిలిన ఖాళీలన్నీ మనమే పూరించుకోవాలి.

మొన్న వేసవిలో మా తమ్ముడికి అటువంటి కాగితమే వచ్చింది. వాడు బ్యాంకు ఉద్యోగి. హనుమకొండ నుంచి గోదావరిఖనికి వేశారు. జూన్‌లో బడులు తెరిచేలోగా వెళ్ళి చేరాలి. పెద్దది ఆరేళ్ళ ఆడపిల్ల. రెండోవాడికి రెండేళ్ళు నిండాయి. చిక్కంతా ఆ రెండోవాడితోనే. చలిగాలి తగిలినా, ఇల్లు ఊడిస్తే దుమ్ము లేచినా వాడి రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. "వీణ్ణి దుమ్ముకు దూరంగా ఉంచండమ్మా" అని హనుమకొండ డాక్టరు చెప్పి ఆరు నెలలు కాలేదు. ఇంతలో బొగ్గుగనుల ఊరికి బదిలీ!

మా అమ్మ గోల పెట్టింది. "వాడొక్కడే పోయి అక్కడ గది తీసుకుంటాడు. ఆదివారాలు వచ్చి పోతాడు. కోడలూ పిల్లలూ నా దగ్గరే ఉంటారు" అన్నది. మా మరదలు మర్యాదగా విని, అంత మర్యాదగానూ కాదన్నది. "మూడేళ్ళ మాట అత్తయ్యా. మూడేళ్ళలో పిల్లవాడికి నాన్న చుట్టమైపోతాడు. ముందు ఊరు చూసివద్దాం. ఉండతగిన వీధి ఒక్కటీ లేకపోతే మీరన్నట్టే చేద్దాం" అన్నది.

ఇల్లు చూసే పెద్దరికం నా మీద పడింది. కారణం లేకపోలేదు. 1990 ప్రాంతంలో నేను రెండేళ్ళు గోదావరిఖనిలో ఉద్యోగం వెలగబెట్టి వచ్చాను. అయితే అప్పుడు నేను బ్రహ్మచారిని. హోటలు ఎక్కడ, సినిమాహాలు ఎక్కడ, ఆఖరి బస్సు ఎన్నింటికి అన్నవి తప్ప ఊరి గురించి నాకేమీ తెలియదని తీరా అక్కడికి వెళ్ళాక గాని తెలియలేదు. పాఠకుల్లో ఎవరికైనా ఆ వైపు బదిలీ అయితే పనికివస్తుందని ఆ మూడు రోజుల సంగతి రాస్తున్నాను.

కాజీపేటలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. జమ్మికుంట దాటింది, పెద్దపల్లి దాటింది. కాసేపటికి ఆకాశం అంచున పొగగొట్టాలు కనిపించాయి. మా అన్నగారి హోదాలో నేను, "అదుగో రామగుండం" అని చూపించాను. పిల్ల చప్పట్లు కొట్టింది. మరదలు మాత్రం కొంగు తీసి పిల్లవాడి ముక్కుకు అడ్డం పెట్టింది.

రామగుండం అన్నది పేరుకు ఒక ఊరు, చూడబోతే నాలుగైదు ఊళ్ళ మూట. రైలు స్టేషను దగ్గర పాత రామగుండం. అక్కడికి సుమారు పది కిలోమీటర్ల దూరాన గోదావరిఖని. మధ్యలో విద్యుత్ కేంద్రమూ దాని జ్యోతినగరూ, ఎరువుల కర్మాగారమూ దాని కాలనీలూ. గోదావరిఖని దాటి మంథని వైపు పోతే యైటింక్లయిన్ కాలనీ, ఇంకా ముందుకు పోతే సెంటినరీ కాలనీ. ఒకప్పుడు ఇదంతా కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లా. 2009లో రామగుండం నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ సుమారు 2 లక్షల 29 వేల మంది తేలారు.

ఇంతమందినీ ఇక్కడికి రప్పించింది బొగ్గు. నిజానికి సింగరేణి అన్నది ఈ తావు పేరు కాదు. ఖమ్మం వైపు ఇల్లందు దగ్గరి పల్లె పేరు. భూగర్భ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఆ ప్రాంతాన బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు పడింది. ఇప్పుడు అందులో 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్రానివి. గోదావరి లోయ పొడుగునా బొగ్గు పొరలు ఉన్నాయి గనుక తవ్వకం ఇల్లందు నుంచి బెల్లంపల్లికీ, కొత్తగూడేనికీ పాకి, 1960 దశకం తొలి రోజుల్లో ఈ ఒడ్డుకు చేరింది. గోదావరి పక్కన ఖని కాబట్టి గోదావరిఖని.

ఇక్కడ గనిని గని అనేవారు తక్కువ. 'బాయి' అంటారు. బాయికి పోయిండు, బాయి నుంచి వచ్చిండు, అంతే. ఊరి పేర్లు కూడా బావుల నంబర్లే. ఇంక్లైను అంటే నేలలోకి ఏటవాలుగా దిగే సొరంగం. ఎనిమిదో నంబరు ఇంక్లైను పక్కన కట్టిన కాలనీ ఎయిట్ ఇంక్లైన్ కాలనీ. ఆ మాట జనం నోట్లో అరిగి అరిగి 'యైటింక్లయిన్' అయి, బస్సు బోర్డు ఎక్కి కూర్చున్నది. మా పిల్ల ఆ బోర్డు కూడబలుక్కుని చదివి, "పెదనాన్నా, ఇదేం భాష?" అని అడిగింది. "బొగ్గు భాష" అన్నాను.

తిలక్‌నగర్‌లో మాకు మేనమామ వరుస ఆయన ఒకరున్నారు. కోల్ ఫిల్లరుగా చేరి, అంటే తట్టతో బొగ్గు నింపే పనిలో చేరి, ముప్ఫై అయిదేళ్ళు బాయిలో పనిచేసి రిటైరయ్యారు. కంపెనీ క్వార్టరులో ఉన్నంతకాలం ఇల్లు తనదే అనుకున్నారట. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి గదా. ముందే మేలుకుని మూడు గదుల ఇల్లు వేసుకున్నారు. మేం దిగింది ఆయన ఇంట్లోనే.

కాఫీలు అయ్యాక మేం ఏయే పేటలు చూడదలిచామో మామకు చదివి వినిపించాను. ఆయన చుట్ట ఆర్పేసి అన్నారు:

"ఇల్లు తర్వాత సూద్దువు గని, ముందుగాల మూడు ముచ్చట్లు అడుగు. కింద ఏమున్నది? పక్కన ఏమున్నది? నడిరాత్రి ఎవలున్నరు?"

మొదటి రెండూ నాకు అర్థమయ్యాయి. మూడోది అర్థం కాలేదు. ముసలాయన చమత్కారం కాబోలు అనుకున్నాను.

కింద ఏమున్నది అన్నది వేళాకోళపు ప్రశ్న కాదు. భూగర్భ గనిలో బొగ్గును స్తంభాలుగా వదులుతూ తవ్వుకుపోతారు. ఆఖరున ఆ స్తంభాలు కూడా తీసేటప్పుడు ఆ ఖాళీలోకి నీళ్ళతో ఇసుక నింపుతారు, లేదా కప్పును కూలనిస్తారు. గోదావరి ఇసుక ఎంత ఈ నేల కడుపులోకి పోయిందో! కూలనిచ్చినచోట పైనేల కొంత కుంగుతుంది. అందుకని అటువంటి నేల మీద ఇల్లు ఉండకూడదు. కొత్తగా వచ్చినవాడికి ఇది కంటికి కనిపించదు. పాత కార్మికుణ్ణి అడిగితే ఏ వీధి కింద ఏ నంబరు బాయి ఎప్పుడు నడిచిందో తన పెరటి సంగతిలా చెబుతాడు.

పక్కన ఏమున్నది అన్నది ఓపెన్‌కాస్టు గనులు వచ్చాక పుట్టిన ప్రశ్న. ఇక్కడివారి మాటలో ఓసీపీ. పైమట్టి అంతా ఎత్తి పక్కన పోసి, బండను మందుగుండుతో పేల్చి, బొగ్గు తీస్తారు. ఆ పోసిన మట్టి గుట్టలై, గుట్టల మీద చెట్లు కూడా మొలిచి, నేను 1990లో చూసిన దిక్కులే మారిపోయాయి. ఓసీపీ పెరిగితే ఊరే లేచిపోవచ్చు. యైటింక్లయిన్ అవతల లద్నాపూర్ అలా తరలిన ఊరే. అందుచేత పేలుడు ఏ వేళకు, బొగ్గు లారీలు ఏ దారిన, గాలి ఎటు అని అడిగి తెలుసుకోవాలి.

మా మరదలు ఇవన్నీ విని ఏమీ అనలేదు. పెట్టెలోంచి ఉతికిన తెల్ల చేతిరుమాళ్ళు అరడజను తీసి సంచీలో వేసుకున్నది.

మొదట స్టేషను దగ్గర పాత రామగుండంలో ఇల్లు చూశాం. వేపచెట్టు, విశాలమైన వాకిలి, చవక అద్దె. మరదలు రుమాలుతో కిటికీ గుమ్మం తుడిచి చూసింది. మామూలు ఇంటి దుమ్ము. నాకు ఆ ఇల్లు నచ్చింది. తమ్ముడికీ నచ్చింది. అయితే బ్యాంకు పది కిలోమీటర్లు. పిల్లల డాక్టరు కూడా అంతే. పక్కిళ్ళు రెండింటికి తాళాలు. ఇంటివాళ్ళు హైదరాబాదులో ఉంటారట.

తరువాత జ్యోతినగర్ వైపు వెళ్ళాం. అక్కడి ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయి పునాదిరాయి వేశారు. 1983లో మొదటి యూనిట్ వెలిగింది. క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2023, 2024 సంవత్సరాల్లో కొత్తగా వచ్చాయి. జలాశయం నీళ్ళ మీద సౌరఫలకాలు తేలుతుంటాయి. 2022లో పూర్తయిన ఆ ఏర్పాటు 100 మెగావాట్లది. టౌన్‌షిప్పులో చెట్ల నీడ, తీర్చిన రోడ్లు, కేంద్రీయ విద్యాలయం. మా పిల్ల కళ్ళు అక్కడి ఉయ్యాలల మీద పడ్డాయి. కాని ఆ క్వార్టర్లు అక్కడి ఉద్యోగులవి. మనకు గేటు బయట కృష్ణానగర్‌లో అద్దె ఇళ్ళున్నాయి. ఒకటి చూశాం. పై అంతస్తు, వెలుతురు బాగుంది. రుమాలు మీద లేత బూడిదరంగు పడింది. మరదలు ఆ రుమాలును నాలుగు మడతలు పెట్టి, మొదటిదానితో కలవకుండా వేరే జేబులో పెట్టుకున్నది.

దారిలో ఎరువుల కర్మాగారం కాలనీ దగ్గర నేను కాసేపు ఆగాను. నా ఉద్యోగపు రోజుల్లో రామగుండం మొత్తానికి ఉండతగిన చోటు ఏది అని అడిగితే కళ్ళు మూసుకుని ఆ కాలనీ పేరు చెప్పేవాళ్ళం. 1980లో బొగ్గుతో యూరియా చేయడం మొదలుపెట్టిన కర్మాగారమది. క్లబ్బు, బడి, ఆటస్థలం, సాయంత్రం వేళ సైకిళ్ళ మీద పిల్లలు. ఒక మిత్రుడికి అక్కడ క్వార్టరు ఉంటే అసూయపడ్డాను కూడా. 1999లో కర్మాగారం మూతపడింది. కాలనీ బోసిపోయింది. మళ్ళీ గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటి సైకిళ్ళ పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడి వాళ్ళ పిల్లలకు సైకిళ్ళు కొనిపెట్టి ఉంటారు. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత బి-థర్మల్ కేంద్రం కథ కూడా 2024లో ముగిసింది. పరిశ్రమ కట్టిన పేటకు పరిశ్రమ ఆయుష్షే ఆయుష్షు. మూడేళ్ళ కోసం వచ్చేవాడికి ఈ లెక్క పట్టకపోవచ్చు. ఇల్లు కొనదలిచినవాడికి మాత్రం చాలా అవసరం.

సాయంత్రం ఒక దళారీ మమ్మల్ని ఊరి చివరికి తీసుకుపోయాడు. నాలుగు గదులు, వెనక పెరడు, మేం చూసిన అన్నింటికన్నా తక్కువ అద్దె. "ఇంత ఇల్లు ఈ కిరాయికి హైదరాబాదుల కల్ల గూడ దొర్కది సార్" అన్నాడు. అవతల ఎత్తయిన మట్టిగుట్ట, దాని వెనక ఓసీపీ. వంటింటి మూల నుంచి గోడ మీద సన్నని చీలిక పైకి పాకి ఉన్నది. సున్నం వేసి కప్పారు, సున్నం కూడా చీలింది. పునాది లోపమో, మరొకటో మేం తేల్చగలిగినవాళ్ళం కాదు. పేలుడు ఎన్నింటికి అని అడిగితే దళారీ, "రోజు ఉండదు సార్, ఉన్ననాడు గూడ ఒక్క నిమిషం" అన్నాడు. మరదలు రుమాలు తీసి కిటికీ తుడిచి మాకు చూపించింది. నల్లని చార. మేం చెప్పులు వేసుకున్నాం.

ఆ రాత్రి మామ ఇంట్లో మూడు రుమాళ్ళూ మంచం మీద పరిచి పంచాయితీ పెట్టాం. తెల్లదానికి నా ఓటు, తమ్ముడి ఓటు. పాత రామగుండమే ఖాయం అన్నాం. మరదలు ఊ అనలేదు, ఊహూ అనలేదు. వేడికి ఎవరికీ నిద్ర పట్టలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. రాత్రయినా గోడలు సెగలు కక్కుతూనే ఉన్నాయి.

పదకొండు కావస్తుండగా పిల్లవాడు లేచి కూర్చున్నాడు. ఊపిరి పీలిస్తే పిల్లికూత. డొక్కలు ఎగరేస్తున్నాడు. తెచ్చిన మందు పట్టించాం, తగ్గలేదు. తమ్ముడు చొక్కా వెతుక్కుంటూ, "ఆటో దొరుకుతుందా మామా?" అంటున్నాడు. మామ వీధి తలుపు తీశారు.

నేను చూసి ఆశ్చర్యపోయాను. పదకొండు గంటలకు వీధి నిండా దీపాలు. బావుల్లో పని మూడు షిఫ్టులు: పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి పదకొండు, పదకొండు నుంచి మళ్ళీ ఏడు. రాత్రి షిఫ్టువాళ్ళు టిఫిను డబ్బాలతో అప్పుడే పోయారు. రెండో షిఫ్టువాళ్ళు దిగి వస్తున్నారు. ఒక ఇంట్లో అన్నం వడ్డిస్తున్న చప్పుడు, ఇంకో ఇంట్లో నీళ్ళు తోడుతున్న చప్పుడు. మనకు అర్ధరాత్రి, వాళ్ళకు సాయంత్రం.

ఎదురింటాయన అప్పుడే మోటారుసైకిలు స్టాండు వేస్తున్నాడు. కాలికి బూట్లు కూడా విప్పలేదు. "ఏమైంది కాకా?" అని అడిగి, మామ జవాబు పూర్తికాకముందే బండి మళ్ళీ తిప్పాడు. తమ్ముడూ పిల్లవాడూ వెనక ఎక్కారు. మరదలు ఇంకో బండి మీద. అది ఎవరి బండో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఎదురింటి ఇల్లాలు వచ్చి ఏడుస్తున్న మా పిల్లను ఎత్తుకుని, "ఊకో బిడ్డా, తమ్ముడు గిప్పుడే అస్తడు" అంటూ తన ఇంట్లోకి తీసుకుపోయి పాలు తాగించింది. నేను పెద్దమనిషిని గనుక గుమ్మంలో నిలబడ్డాను.

అయిదు నిమిషాల్లో డాక్టరు ముందున్నారట. నెబ్యులైజరు మీద మందు పట్టించారు. ఒంటిగంటకు పిల్లవాడు తండ్రి భుజం మీద నిద్రపోతూ వచ్చాడు. ఎదురింటాయన అప్పుడు బూట్లు విప్పుకున్నాడు. నేను కృతజ్ఞతలు చెప్పబోతే, "గిదేంది సార్, బాయిల ఒకనికి ఏమన్నయితే ఇంకొకడు గడియారం సూసుకుంటడా?" అన్నాడు.

ఆయన వెళ్ళాక మామ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత 2003 సంగతి చెప్పారు. ఆ ఏడు జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. "ఆ దినం ఎవని ఇంట్ల పొయ్యి వెలగలే. అప్పటికెల్లి షిఫ్టు ఇడిసిన గంటకు మనిషి ఇల్లు చేరకుంటే పక్కింటోళ్ళు గూడ వాకిట్లకొచ్చి నిలబడుతరు. నడిరాత్రి ఎవలున్నరు అని నేను అడగమన్నది గిదే" అన్నారు.

మర్నాడు మళ్ళీ ఇళ్ళ వేట. యైటింక్లయిన్ కాలనీ ఏడెనిమిది కిలోమీటర్లు. వరుసలు తీరిన క్వార్టర్లు, వీధి కొసల్లో చెట్లు, అరుగుల మీద కూరగాయలు తరుగుతూ ఆడవాళ్ళు. సెంటినరీ కాలనీ మరీ దూరం, మంథని దారిలో. 1989లో సింగరేణి తవ్వకాలకు నూరేళ్ళు నిండిన గుర్తుగా పెట్టిన పేరది. ఆ పక్కన రామగిరి ఖిల్లా గుట్టలు, మంచి గాలి. నా మట్టుకు నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. కాని ఇక్కడా క్వార్టర్లు కంపెనీ మనుషులకే. బయటివాడికి దొరికే ఇల్లు తక్కువ, బ్యాంకుకు రానూ పోనూ రెండు గంటలు. తండ్రి సాయంత్రం ఏడున్నరకు ఇల్లు చేరితే, పిల్లవాడికి చుట్టంలాగే ఉంటాడు. దానికి హనుమకొండే మేలు గదా!

మధ్యాహ్నం రాత్రి చూపించిన డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళి, మరదలు సూటిగా అడిగింది: "మేం ఈ ఊళ్ళో ఉండవచ్చునా, వద్దా?" ఆయన నవ్వి, "ఉండవచ్చని హామీ ఇవ్వలేను, పారిపొమ్మనీ చెప్పను. లారీలు తిరిగే రోడ్డు పక్కన మాత్రం వద్దు. చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. అగరుబత్తి, దోమల చక్రం, చుట్ట పొగ, ఏదీ పిల్లవాడి గదిలో ఉండకూడదు. మందూ, మందు పీల్చే గొట్టమూ ఇంట్లో ఎప్పుడూ ఉంచండి. నాలుగు నెలలు చూద్దాం. తరుచుగా వస్తుంటే అప్పుడు ఊరు మారే మాట ఆలోచిద్దాం" అన్నారు. చుట్ట మాట విని మామ ఆ సాయంత్రం నుంచి పెరట్లోనే కాల్చుకోవడం మొదలుపెట్టారు.

తిరిగి వస్తూ మరదలు, "బావగారూ, పాత రామగుండం ఇల్లు బాగుంది, కాదనను. రుమాలు కూడా తెల్లగానే ఉంది. కాని రాత్రి మనం ఆ ఇంట్లో ఉంటే ఎవరి తలుపు కొట్టేవాళ్ళం? ఆ పక్కిళ్ళకు తాళాలున్నాయి గదా" అన్నది. నాకూ తమ్ముడికీ జవాబు లేకపోయింది.

ఆఖరుకు ఇల్లు తిలక్‌నగర్‌లోనే కుదిరింది. మామ ఇంటికి రెండు సందుల అవతల, పెద్ద రోడ్డుకు లోపలగా, ముందు కానుగచెట్టు. రెండే గదులు. పాత రామగుండం ఇంటికన్నా అద్దె ఎక్కువ, చోటు తక్కువ. కింద ఏ బావీ నడవలేదని మామా, ఇంకో ఇద్దరు పాత కార్మికులూ చేతికర్రలతో నేల మీద గీసి మరీ తేల్చారు. మరదలు నాలుగో రుమాలుతో కిటికీ తుడిచింది. తెల్లగా రాలేదు. కొంచెం మసకగా ఉన్నది. దానికేసి కాసేపు చూసి, "ఇది తుడుచుకోవచ్చు" అన్నది. తమ్ముడు అడ్వాన్సు ఇచ్చాడు.

లాభమంతా మాకే అని చెప్పను. మంచి బడి అని మేం అనుకున్నది దూరంగా ఉన్నది. ఆరేళ్ళ పిల్ల పొద్దున ఏడున్నరకే బస్సెక్కాలి. వేసవిలో గదులు కొలిమిలా ఉంటాయి. సైరను మోగితే మొదట్లో పిల్లలిద్దరూ ఉలిక్కిపడి లేచేవారట. మా అమ్మ నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

దసరాకు నేను మళ్ళీ వెళ్ళాను. సాయంత్రం గోదావరి ఒడ్డుకు నడిచాం. పైన ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద ప్రాజెక్టు కట్టాక నది రూపు మారింది. నేనెరిగిన ఇసుక మేటలు అంతగా లేవు. వంతెన మీద లారీలు మంచిర్యాల వైపు బారులు తీరి పోతున్నాయి. తమ్ముణ్ణి అడిగితే వానాకాలంలో పిల్లవాడికి రెండుసార్లు ఆయాసం వచ్చిందన్నాడు. హనుమకొండలో ఉన్నప్పటికన్నా తగ్గిందని చెప్పలేం, పెరగలేదు. డాక్టరు చెప్పిన నాలుగు నెలల గడువు దాటింది. మరో నాలుగు నెలలు చూద్దామన్నారట. వచ్చే వేసవి చూడవలసి ఉన్నది.

బొగ్గు బెల్టుకు పిల్లాపాపలతో పోయేవారికి నేను చెప్పదగింది మామ మూడు ప్రశ్నలే. కింద ఏమున్నదో పాత కార్మికుణ్ణి అడగండి. పక్కన ఏమున్నదో తెల్లగుడ్డతో తుడిచి చూడండి. మూడోదానికి మాత్రం పగలు వెళితే జవాబు దొరకదు. అద్దె మాట్లాడుకునేముందు రాత్రి పదకొండు గంటలకు ఒకసారి ఆ వీధిలో నడిచి చూడండి.

ఆ దసరా రాత్రే ఇంకో సంగతి జరిగింది. రెండు గంటలవేళ ఎవరో తలుపు కొట్టారు. వెనక సందులో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. భర్త రాత్రి షిఫ్టులో ఉన్నాడు. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోవడానికి మనుషులు వచ్చారు గాని, ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఒక్కతే అయిపోయింది. మరదలు లేచి, నిద్రకళ్ళతో ఆ పిల్లను లోపలికి తెచ్చి మావాడి పక్కన పడుకోబెట్టింది. దీపం ఆర్పి, "మీరు పడుకోండి బావగారూ" అన్నది.

తెల్లవారి లేచి చూస్తే పిల్లలు ముగ్గురూ ఒకే దుప్పటి కింద నిద్రపోతున్నారు. మరదలు బకెట్లో తడిగుడ్డ పిండి కిటికీలు తుడుస్తున్నది.